నౌపడ–గుణుపూర్ లైను: ఒక దారి, మూడు అతుకులు

2025 ఫిబ్రవరి 7న కేంద్ర మంత్రివర్గం విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడే దక్షిణ కోస్తా రైల్వే జోన్ సరిహద్దులను ఖరారు చేసింది. పాత వాల్తేరు డివిజన్‌ను రెండు ముక్కలు చేశారు. ఒక ముక్కకు విశాఖపట్నం డివిజన్ అని పేరు మార్చి కొత్త జోన్‌లో ఉంచారు. రెండో ముక్క రాయగడ కేంద్రంగా కొత్త డివిజన్ అయి తూర్పు కోస్తా రైల్వేలో మిగిలింది. ఏ సెక్షన్ ఎటు పోతుందో ఆ ప్రకటనలో వరసగా రాశారు. చాలామంది చూపు కొత్తవలస–బచేలి లైను మీద పడింది. ఇనుప ఖనిజం నడిచే దారి కాబట్టి అది సహజమే. నా చూపు మాత్రం రెండు చిన్న పేర్ల దగ్గర ఆగిపోయింది. విశాఖ జాబితాలో ‘నౌపడ జంక్షన్–పర్లాకిమిడి’ ఉంది. రాయగడ జాబితాలో ‘పర్లాకిమిడి–గుణుపూర్’ ఉంది.

ఇవి రెండు లైన్లు కావు. శ్రీకాకుళం జిల్లా నౌపడలో మొదలై టెక్కలి, పెద్దసాన, తెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ మీదుగా గుణుపూర్ చేరే 90 కిలోమీటర్ల లైను ఒక్కటే. విశాఖలో గుణుపూర్ బండి ఎక్కినవాళ్లు పర్లాకిమిడిలో దిగి ఇంకో బండి మారరు. మరి సరిగ్గా అక్కడే ఎందుకు కోశారు? రాష్ట్ర సరిహద్దు ఆ పక్కనే ఉంది కాబట్టి అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. కానీ సరిహద్దు అక్కడికి ఎలా వచ్చింది, అసలు ఈ లైను ఎవరు వేశారు, గుణుపూర్ దగ్గర ఎందుకు ఆగిపోయింది అని అడగడం మొదలుపెడితే ఒక దారం పట్టుకుని లాగినట్టు చాలా కథ బయటికొస్తుంది.

ఈ లైనుకు మూడు చోట్ల అతుకులు ఉన్నాయి. నౌపడలో ఒకటి, పర్లాకిమిడి దగ్గర ఒకటి, గుణుపూర్‌లో ఒకటి. 125 ఏళ్లుగా దీని కష్టాలన్నీ ఆ మూడు చోట్ల నుంచే వచ్చాయి. మధ్యలో ఉన్న పట్టాలు ఎప్పుడూ ఎవరినీ పెద్దగా ఇబ్బంది పెట్టలేదు.

రాజు ఎందుకు రైలు వేశాడు

ముందు మెయిన్ లైను సంగతి. తూర్పు తీరం వెంబడి బెజవాడ నుంచి కటకం వైపు రైలు మార్గం 1893–96 మధ్య పడింది. అప్పటికి దాని పేరు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే. దానికి ముందు ఈ ప్రాంతం రెండు పెద్ద కరువులు చూసింది. 1866లో ఒరిస్సాను తుడిచిపెట్టిన కరువు గంజాం దాకా పాకింది. 1889లో గంజాం జిల్లాలో మళ్లీ కరువు వచ్చింది. ఒక చోట గింజలు ఉండి, ఇంకో చోట జనం ఆకలితో పోతుంటే, ఆ గింజలను చేర్చే దారి లేకపోవడం ఎంత ఘోరమో అప్పటి సర్కారుకు తెలిసొచ్చింది. తీరం వెంట రైలు కావాలన్న వాదనకు ఆ అనుభవం బలమిచ్చింది.

అయితే మెయిన్ లైను తీరాన్ని పట్టుకుని పోయింది. టెక్కలి ఊరిని కూడా తాకకుండా, ఉప్పు మళ్లు ఉన్న నౌపడ మీదుగా వెళ్లింది. లోపల 25 మైళ్ల దూరంలో పర్లాకిమిడి ఉంది. గంజాం జిల్లాలో పెద్ద జమీందారీకి రాజధాని, వరి పండే నేలకు, కొండలకు మధ్యన ఉన్న సంత ఊరు. 25 మైళ్లంటే ఎడ్లబండికి రెండు రోజుల ప్రయాణం. వానాకాలంలో మహేంద్రతనయ ఏరు పొంగితే, బాటలు బురదైతే అది ఎన్ని రోజులవుతుందో ఎవరూ చెప్పలేరు.

అప్పటి రాజా గౌరచంద్ర గజపతి తన రాజధానిని నౌపడతో కలపాలని నిశ్చయించాడు. 1898లో బ్రిటిష్ ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 1900 ఏప్రిల్ 1న బండ్లు నడవడం మొదలైంది. ఖర్చు 7 లక్షల రూపాయలు. అంటే మైలుకు సుమారు 28 వేలు. పర్లాకిమిడి లైట్ రైల్వే అని పేరు పెట్టారు.

దీన్ని రాజుగారి బొమ్మ రైలు అని ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. ఆ మాట నాకు నచ్చదు. రాజధానికి రైలు ఉండటం గొప్ప అన్న ఆలోచన రాజుకు ఉండే ఉంటుంది. కానీ జమీందారీ లెక్క ఒకసారి చూడండి. ఆదాయమంతా శిస్తు. రైతు దగ్గర ధాన్యం అమ్ముడుపోతేనే శిస్తు వస్తుంది. బయటి ధర రైతుకు చేరాలంటే ధాన్యం బయటికి పోవాలి. అదే దారిన నౌపడ ఉప్పు లోపలికి రావాలి. కొండల్లో ఉప్పుకు ఉన్న విలువ ఇవాళ మనకు ఊహకందదు. రైలు రాకముందు ఎడ్ల వీపున ఉప్పు బస్తాలు వేసుకుని బంజారాలు కొండలెక్కేవారు, తిరిగొచ్చేటప్పుడు ధాన్యమో అడవి సరుకో తెచ్చేవారు. పైకి ఉప్పు, కిందికి గింజలు. ఆ పాత వ్యాపారపు దారి మీదే పట్టాలు పడ్డాయి. అందులో సరదాకు చోటు తక్కువ, జమీ బతుకుతెరువు లెక్కే ఎక్కువ.

మొదటి అతుకు: నౌపడ

మెయిన్ లైను బ్రాడ్ గేజ్. పట్టాల మధ్య 1,676 మిల్లీమీటర్లు, అంటే ఐదున్నర అడుగులు. రాజు వేసిన లైను నారో గేజ్, 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు. మామూలు ఇంటి గుమ్మం వెడల్పు కూడా లేదు.

ఎందుకంత చిన్నది? డబ్బు. పట్టాల మధ్య దూరం తగ్గితే కట్ట వెడల్పు తగ్గుతుంది, మట్టి పని తగ్గుతుంది, వంతెనలు చిన్నవవుతాయి. ఇంజను, వ్యాగన్లు తేలిక కాబట్టి పట్టాలు కూడా సన్నవి సరిపోతాయి. గుట్ట అడ్డొస్తే తవ్వే బదులు చుట్టూ తిప్పేయొచ్చు, ఎందుకంటే చిన్న బండి ఇరుకు మలుపు తిరగగలదు. అప్పటికి మూడేళ్ల ముందే, 1897లో, ఇప్పటి మహారాష్ట్రలో బార్శీ అనే సంత ఊరిని మెయిన్ లైనుతో కలుపుతూ ఇదే కొలతలో ఒక లైట్ రైల్వే మొదలైంది. ఒక్కో ఇరుసు మీద ఐదు టన్నులకు మించి బరువు పడకుండా బండ్లు తయారుచేస్తే, తేలిక పట్టాల మీద కూడా బోలెడు సరుకు మోయొచ్చని ఆ లైను చూపించింది. తర్వాత 1905లో మయూర్‌భంజ్ సంస్థానం తన రాజధాని బారిపదకు ఇలాంటిదే వేసుకుంది. అంటే పర్లాకిమిడి రాజు ఎంచుకున్నది ఆనాటికి తెలివైన, చవకైన దారే.

కానీ చవకకు ఒక ధర ఉంది. అది నౌపడలో కట్టాలి.

ఒక బస్తా వెనకాల నడిచి చూద్దాం. పర్లాకిమిడి షావుకారు వంద బస్తాల బియ్యం విశాఖకు పంపాలనుకున్నాడు. స్టేషన్లో తూకం వేయించి, రసీదు తీసుకుని, చిన్న వ్యాగన్లో ఎక్కించాడు. బండి నౌపడ చేరింది. ఇక్కడిదాకా బాగానే ఉంది. మెయిన్ లైను వ్యాగను పక్కనే నిలబడి ఉంది. కానీ చిన్న వ్యాగను ఆ పట్టాల మీదకు ఎక్కదు. కాబట్టి హమాలీలు వంద బస్తాలనూ భుజాన వేసుకుని దించాలి, మళ్లీ పెద్ద వ్యాగన్లోకి ఎక్కించాలి. కొక్కెం గుచ్చిన చోట గోనె చిరుగుతుంది, గింజలు కారతాయి. పెద్ద వ్యాగను ఆ రోజు ఖాళీగా దొరక్కపోతే సరుకు గోడౌన్లోనో ఆరుబయటో పడి ఉండాలి. అప్పుడు వానొస్తే? కూలి ఖర్చు, నష్టం, ఆలస్యం అన్నీ బస్తా ధరలో కలుస్తాయి. 25 మైళ్ల దూరానికి అయిన ఖర్చు మీద, ప్లాట్‌ఫాం దాటించడానికి అయ్యే ఈ ఖర్చు అదనం.

దూరం ఎక్కువైతే ఈ అదనం పెద్దగా కనపడదు. 25 మైళ్ల లైనుకు మాత్రం అది గుదిబండే. ఈ సంగతి తెలిస్తే మొదట్లో ఈ లైను నష్టాల్లో ఎందుకు నడిచిందో అర్థమవుతుంది. రైలంటే బండి నడిచినా నడవకపోయినా ఖర్చు ఆగదు. స్టేషన్లు, సిబ్బంది, ఇంజన్లు, కట్ట మరమ్మతు అన్నీ ఉండాలి. సరుకేమో కోతల కాలంలో ఒక్కసారిగా వస్తుంది, మిగతా నెలల్లో పలచబడుతుంది. 1910 దాటాక గానీ స్వల్ప లాభాలు కనపడలేదు. 1924–25 తర్వాత లాభాలు పెరిగాయి.

అప్పటికి పగ్గాలు గౌరచంద్ర గజపతి కొడుకు కృష్ణచంద్ర గజపతి చేతిలో ఉన్నాయి. లాభాలు చూసి ఆయన ఉత్తరంగా వంశధార లోయ వెంట లైను పొడిగించాడు. 1929లో కొంత, 1931లో మిగతాది పూర్తయి గుణుపూర్ చేరింది. లెక్క స్పష్టమే. దారి పెరిగితే నౌపడలో పడే కూలి భారం ఎక్కువ మైళ్ల మీద పరుచుకుంటుంది, పైగా కొత్త సరుకు దొరుకుతుంది. గుణుపూర్ అప్పట్లో విశాఖపట్నం జిల్లాలో, జయపురం జమీందారీలో ఉండేది. అంటే లైను తన జమీ దాటి పక్క జమీలోకి వెళ్లింది. చుట్టూ సవర గిరిజనుల కొండలు. చింతపండు లాంటి అడవి సరుకు, లోయలో పండే ధాన్యం సంతకు దిగే చోటు అది. దాంతో లైనుకు రెండు చివరలా రెండు వేర్వేరు లోకాలు వచ్చాయి. ఒక వైపు సముద్రపు ఉప్పు, ఇంకో వైపు కొండ చింతపండు.

రెండో అతుకు: ఏరు దాటితే ఇంకో రాష్ట్రం

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయింది. లైను మొదలైన తేదీ కూడా ఏప్రిల్ 1 కావడం కేవలం యాదృచ్ఛికం కాదు. సర్కారు లెక్కల సంవత్సరం ఆ రోజే మొదలవుతుంది కాబట్టి ఇలాంటివన్నీ ఆ రోజుకే పెట్టుకుంటారు. 2003లో తూర్పు కోస్తా రైల్వే జోన్ పని మొదలుపెట్టింది కూడా ఏప్రిల్ 1నే.

ఒరిస్సా ఏర్పాటు కోసం గట్టిగా పనిచేసిన వారిలో కృష్ణచంద్ర గజపతి ముందు వరసలో ఉంటాడు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లాడు, ఆ వాదన అక్కడ వినిపించాడు. మొదట గీసిన సరిహద్దులో పర్లాకిమిడి మద్రాసులోనే ఉండిపోయింది. తర్వాత జరిగిన మార్పుల్లో పట్టణం, జమీలో కొంత భాగం ఒరిస్సాలో కలిశాయి. జమీలో ఎక్కువ భాగం మద్రాసులో మిగిలింది. ఆయన 1937లో కొద్ది నెలలు, మళ్లీ 1941 నుంచి 1944 వరకు ఒరిస్సా ప్రధానమంత్రిగా (ఇప్పటి ముఖ్యమంత్రి పదవి లాంటిది) పనిచేశాడు. ఇప్పుడు పర్లాకిమిడి కేంద్రంగా ఉన్న గజపతి జిల్లా పేరు ఆయన పేరే.

తెలుగువాళ్లకు ఈ సరిహద్దు గాయం ఇంకో మనిషి ద్వారా గుర్తు. గిడుగు వెంకట రామమూర్తి పర్లాకిమిడి రాజావారి బడిలో 1880 నుంచి పాఠాలు చెప్పి 1911లో రిటైర్ అయ్యాడు. అంటే 1900లో ఆ ఊరికి మొదటి రైలు వచ్చిన నాటికి ఆయన అక్కడే ఉన్నాడు. వ్యావహారిక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. సవరల దగ్గర వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల కోసం పుస్తకాలు రాసి, బడులు పెట్టించిన సంగతి అంతగా చెప్పుకోరు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. సవర సీమ గుమ్మమైన గుణుపూర్‌కు రైలు చేరింది కూడా ఆ ఏడే. ఆ రెంటికీ సంబంధం ఉందని నేననను. కానీ తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలవడంతో గిడుగు ఆ ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయాడు. అప్పటికి ఆయనకు 70 దాటాయి. అర్ధ శతాబ్దం బతికిన ఊరు. 1940 జనవరి 22న కన్నుమూశాడు. భాషను బట్టి గీత గీసినప్పుడు, రెండు భాషలూ మాట్లాడే ఊరు ఎటు పోయినా ఎవరో ఒకరు ఇల్లు వదలాల్సి వస్తుంది. పర్లాకిమిడిలో ఇప్పటికీ ఒకే ఇంట్లో తెలుగు, ఒడియా రెండూ వినిపిస్తాయి.

రైలు సంగతికి వద్దాం. గీత పాతపట్నానికి, పర్లాకిమిడికి మధ్య పడింది. నీలమణి దుర్గమ్మ కొలువున్న పాతపట్నం మద్రాసులో, తర్వాత ఆంధ్రలో ఉంది. కూతవేటు దూరంలోని పర్లాకిమిడి ఒరిస్సాలో ఉంది. ఈ రెండు ఊళ్లూ నిజానికి ఒకే సంత, ఒకే బతుకు. పట్టాలకు గీతతో పని లేదు, బండి ఎప్పటిలాగే నడిచింది. సరుకుకు మాత్రం పని పడింది. పన్నుల చట్టాలు రాష్ట్రానికొకటి అయ్యాయి. మద్రాసులో 1939లో అమ్మకం పన్ను వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ధాన్యం రవాణా మీద ఆంక్షలు వచ్చాయి. అప్పటిదాకా పక్క వీధికి పంపినట్టు పంపిన బస్తాకు కాగితం కావాల్సి వచ్చింది. తర్వాత రోడ్డు మీద చెక్‌పోస్టులు వచ్చాయి, 2017లో జీఎస్టీ వచ్చేదాకా అవి ఉన్నాయి.

రెండో నష్టం ఇంకా లోతైనది. ఒక లైను రెండు రాష్ట్రాల్లో ఉంటే దాని కోసం గట్టిగా అడిగేవాళ్లు తగ్గిపోతారు. ఆంధ్ర ఎంపీకి ఇది టెక్కలి, పాతపట్నం దాకా ఉన్న తోక. ఒడిశా ఎంపీకి మొదలు వేరే రాష్ట్రంలో ఉన్న లైను. ఇద్దరికీ ఇది సగం సగమే. దేశంలో రాష్ట్రాల అంచుల్లో ఉన్న రైల్వే లైన్లు చాలా వాటికి ఈ బాధ ఉందని నా నమ్మకం.

యాజమాన్యం కూడా చేతులు మారుతూ వచ్చింది. మెయిన్ లైను ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. రాజు వేసిన లైను కూడా తర్వాత దాని కిందికే వచ్చింది. 1944లో ఆ కంపెనీని ప్రభుత్వం తీసుకుంది. 1955లో ఆగ్నేయ రైల్వే, 2003లో తూర్పు కోస్తా రైల్వే. బోర్డు మీద పేరు మారింది గానీ పట్టాల వెడల్పు మాత్రం రెండున్నర అడుగులే.

బస్సులు, లారీలు వచ్చాక

స్వాతంత్ర్యం తర్వాత కథ త్వరగా చెప్పేయొచ్చు, ఎందుకంటే దేశంలోని చిన్న లైన్లన్నిటిదీ ఒకే కథ. తారు రోడ్లు పడ్డాయి. లారీ షాపు ముందుకే వచ్చి సరుకు ఎక్కించుకుని, విశాఖలో ఇంకో షాపు ముందు దించుతుంది. మధ్యలో నౌపడలాంటి అతుకు లేదు. బస్తాకు కొక్కెం ఒక్కసారే తగులుతుంది. అంతే, సరుకు రోడ్డెక్కేసింది. జనం మాత్రం చాలాకాలం రైలునే నమ్ముకున్నారు, టికెట్ చవక కాబట్టి.

1992లో రైల్వే శాఖ దేశమంతా ఒకే గేజ్ ఉండాలన్న విధానం చేపట్టింది. అందులో భాగంగా 2002లో ఈ లైను మార్పిడికి శంకుస్థాపన జరిగింది. 2004 జూన్‌లో నారో గేజ్ బండ్లు ఆగిపోయాయి.

గేజ్ మార్చడం అంటే పట్టాలను కాస్త పక్కకు జరపడం అనుకుంటే పొరపాటు. కట్టను వెడల్పు చేయాలి. చిన్న బండి బరువుకు కట్టిన వంతెనలు పెద్ద ఇంజను బరువుకు ఆగవు, వాటిని కొత్తగా కట్టాలి. రాజు డబ్బు మిగుల్చుకోవడానికి గుట్టల చుట్టూ తిప్పిన ఇరుకు మలుపుల్లో పెద్ద బండి తిరగదు. వాటిని సాపు చేయాలంటే కొత్త భూమి సేకరించాలి. ప్లాట్‌ఫాంలు ఎత్తు పెంచాలి. అంటే పాత లైను పక్కన పెట్టి, దాదాపు అదే దారిలో కొత్త లైను వేయడమే. 1898లో చవకగా ముగించిన ప్రతి నిర్ణయానికీ బిల్లు 2004 తర్వాత వచ్చింది.

పర్లాకిమిడి దాకా 2010లో, గుణుపూర్ దాకా 2011లో బ్రాడ్ గేజ్ బండి నడిచింది. ఆరేడేళ్ల విరామం. చదివితే చిన్నదే. కానీ 2004లో ఆరో తరగతిలో ఉన్న పిల్ల బండి తిరిగొచ్చేసరికి డిగ్రీకి వచ్చింది. ఆ మధ్యలో జనం బస్సులకు, ఆటోలకు అలవాటు పడ్డారు. లైను మూసేటప్పుడు ఇచ్చే మాట నిలబెట్టుకోకపోతే ఎలా ఉంటుందో మన గోదావరి జిల్లాలకు బాగా తెలుసు. 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి లైను పట్టాలను 1940లో యుద్ధ అవసరాలకని పీకేశారు. అవి మళ్లీ పడింది 2004లో. ఒక తరం కాదు, రెండు తరాలు. నౌపడ లైను మూతపడిన ఏడాదే కోటిపల్లి లైను తెరుచుకుంది. ఆ అనుభవంతో పోల్చుకుంటే గుణుపూర్ అదృష్టవంతురాలే.

గేజ్ మారిన రోజుతో మొదటి అతుకు పోయింది. ఈ లైను 110 ఏళ్ల చరిత్రలో అంతకన్నా పెద్ద మార్పు లేదు. ఇప్పుడు గుణుపూర్ నుంచి విశాఖకు, పూరీకి, దూరాన రూర్కెలాకు కూడా నేరుగా బండి ఉంది. టెక్కలి స్టేషన్లో ఎక్కి భువనేశ్వర్‌లో దిగొచ్చు. హమాలీ భుజం మీద దాటాల్సిన ఆ ప్లాట్‌ఫాం ఇక అడ్డం కాదు.

మూడో అతుకు: గుణుపూర్ తర్వాత ఏముంది

లైను గుణుపూర్ చేరిన 1931లోనే, పక్కన ఇంకో పెద్ద పని ముగిసింది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1908–09లో వచ్చిన బ్రాడ్ గేజ్ లైను రాయగడ మీదుగా రాయ్‌పూర్‌తో కలిసింది. తీరానికి, మధ్య భారతానికి మధ్య కొత్త దారి తెరుచుకుంది. ఆ దారి మీద రాయగడ దాటాక తెరుబలి అనే స్టేషన్ ఉంది. గుణుపూర్‌కు, తెరుబలికి మధ్య దూరం 73 కిలోమీటర్ల పైచిలుకు.

ఆ ముక్క పడి ఉంటే పర్లాకిమిడి లైను ఒక మూసిన సందు కాకుండా రెండు వైపులా తెరిచిన దారి అయ్యేది. పడలేదు. ఒకటి నారో గేజ్, ఇంకోటి బ్రాడ్ గేజ్ కాబట్టి కలిపినా తెరుబలిలో ఇంకో నౌపడ తయారయ్యేది. పైగా మధ్యలో కొండలు. అంటే మొదటి అతుకే మూడో అతుకును పుట్టించింది. 1900లో తీసుకున్న రెండున్నర అడుగుల నిర్ణయం 1931 తర్వాత కూడా లైను దారి మూసేసింది.

కొస లైనుకు ఒక జబ్బు ఉంటుంది. బండి వెళ్లిన దారినే తిరిగి రావాలి. మధ్యలో ఉన్న ఊళ్ల అవసరం తప్ప ఇంకో అవసరం దానికి ఉండదు. పెద్ద గూడ్సు బండ్లు ఆ వైపు రావు, కాబట్టి ఆదాయం పెరగదు. ఆదాయం లేదు కాబట్టి బండ్లు పెరగవు. బండ్లు లేవు కాబట్టి జనం బస్సు చూసుకుంటారు. మా వైపు ప్రతి రైల్వే సమావేశంలోనూ ‘ఇంకో రెండు బండ్లు వేయండి’ అన్న అర్జీ వినపడుతుంది. దానికి ‘ఆక్యుపెన్సీ లేదు’ అన్న జవాబు కూడా అంతే మామూలు. ఇద్దరి మాటా నిజమే. లైను కొసలో ఉన్నంతకాలం ఆ గుండ్రం తెగదు.

2024 ఆగస్టు 9న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఎనిమిది రైల్వే ప్రాజెక్టుల్లో గుణుపూర్–తెరుబలి కొత్త లైను ఒకటి. పొడవు 73.62 కిలోమీటర్లు. 93 ఏళ్ల తర్వాత.

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నకు తిరిగొద్దాం. 2025లో లైనును పర్లాకిమిడిలో ఎందుకు కోశారు? ఒడిశాలో ఉన్న లైన్లు రాయగడ డివిజన్‌కు, ఆంధ్రలో ఉన్నవి విశాఖ డివిజన్‌కు అన్నది స్థూలంగా పెట్టుకున్న సూత్రం. పట్టాల మీద సరిహద్దు పెట్టాలంటే ఒక స్టేషన్ కావాలి. రాష్ట్ర గీత పాతపట్నం దాటగానే వస్తుంది కాబట్టి, దాని తర్వాత వచ్చే పెద్ద స్టేషన్ పర్లాకిమిడిని ఎంచుకున్నారు. 1900లో రాజు లైను ఆగిన చోటు అదే, 1929లో మళ్లీ మొదలుపెట్టిన చోటు కూడా అదే. అంటే గౌరచంద్ర గజపతి వేసిన ముక్క ఒక జోన్‌కు, ఆయన కొడుకు వేసిన ముక్క ఇంకో జోన్‌కు వెళ్లాయి.

ఇందులో ఒక చిక్కు ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. మ్యాప్ ముందు పెట్టుకుని చూడండి. పర్లాకిమిడి–గుణుపూర్ ముక్క రాయగడ డివిజన్‌లో ఉంది గానీ, రాయగడకు దానికి మధ్య పట్టాలు లేవు. రాయగడ నుంచి ఒక అధికారి తనిఖీకి రైల్లో గుణుపూర్ వెళ్లాలంటే కూనేరు దాటి విజయనగరం రావాలి, మెయిన్ లైను మీద నౌపడ చేరాలి, అక్కడి నుంచి పర్లాకిమిడి వెళ్లాలి. కూనేరు నుంచి పర్లాకిమిడి దాకా దారంతా పక్క జోన్‌ది. తన సొంత ముక్కను చేరడానికి పొరుగువాళ్ల పెరట్లోంచి నడిచి వెళ్లడం లాంటిది. పట్టాల మరమ్మతు యంత్రం పంపాలన్నా, వరదకు కట్ట కోసుకుపోతే సామాను తేవాలన్నా ఇదే తిరుగుడు. రోజూ తిరిగే ప్రయాణికుడికి ఇది కనపడదు. టికెట్ అదే, బండి అదే. కానీ కొత్త బండి కావాలన్నా, టైమింగ్ మార్చాలన్నా అర్జీ ఇక రెండు ఆఫీసులకు పెట్టుకోవాలి. టెక్కలివాళ్లు విశాఖకు, గుణుపూర్‌వాళ్లు రాయగడకు. ఒకరు ఒప్పుకున్నా రెండోవాళ్లు ఒప్పుకోవాలి. 1936 నాటి గీత ఈసారి పట్టాల మీదకే ఎక్కింది.

అలాగని ఈ విభజన తప్పని నేననడం లేదు. గుణుపూర్–తెరుబలి లైను పడితే ఇదే నిర్ణయం సరైనది అవుతుంది. అప్పుడు గుణుపూర్ ముక్క నేరుగా రాయగడకు అతుక్కుంటుంది. పలాస వైపు నుంచి వచ్చే సరుకు విజయనగరం దాకా దిగకుండా నౌపడ దగ్గరే పక్కకు తిరిగి రాయగడ చేరొచ్చు. టెక్కలి గ్రానైట్‌కైనా, గుణుపూర్ చింతపండుకైనా రాయ్‌పూర్ దారి తెరుచుకుంటుంది. పడకపోతే మాత్రం అది దీవిలాగే మిగిలిపోతుంది. కాబట్టి మన ఎంపీలను అడగాల్సింది జోన్ ఎవరిది అని కాదు. ఆ 73.62 కిలోమీటర్లకు ఈ ఏడాది బడ్జెట్‌లో ఎంత పెట్టారు, భూసేకరణ ఎక్కడిదాకా వచ్చింది అని అడగాలి. ఆంధ్ర వైపు ఉన్న మనం కూడా అడగాలి. లైను పడేది ఒడిశాలోనే అయినా దాని లాభం టెక్కలిలో, పాతపట్నంలో కూడా దిగుతుంది.

అప్పటిదాకా గుణుపూర్ చేరిన బండికి ఇంజనును విప్పి, పక్క లైను మీదుగా రెండో చివరకు తెచ్చి తగిలిస్తారు. గార్డు జెండా ఊపుతాడు. బండి మళ్లీ పర్లాకిమిడి వైపు, నౌపడ వైపు బయల్దేరుతుంది.